జంగమ్మ చదివిన వార్తలు

నల్గొండలో సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి పొయ్యి మీద కూర వదిలేసి టీవీ ముందుకు వచ్చేవాళ్ళు చాలామందే ఉండేవారు. వాళ్ళు వచ్చేది సూరవ్వ కోసం. జిల్లా దాటి ఎవరికీ తెలియని చిన్న ఛానల్ అది. అందులో 'జర ఆగుండ్రి' అని అరగంట కార్యక్రమం. నాగేందర్ అనే కుర్రాడు కోటు తొడిగి, టై బిగించి, గొంతు బరువు చేసుకుని ఆ రోజు వార్త చదువుతాడు. పక్కనే నులక మంచం మీద నెరిసిన తలతో సూరవ్వ కూర్చుని ఉంటుంది. వార్త సగానికి రాగానే "జర ఆగు కొడుకా" అని అడ్డం పడుతుంది. ఆ తర్వాత ఆ వార్త కోలుకోదు.

సూరవ్వ అసలు పేరు మెర్సీ. విగ్గు తీసేస్తే ముప్ఫై దాటిన చలాకీ మనిషి. అంతకు ముందు ఒక ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పేది. ఒకనాడు హెడ్మాస్టరు నడకా, దగ్గూ పిల్లలకు చేసి చూపిస్తుంటే ఆయన తలుపు దగ్గర నిలబడి చివరిదాకా చూశాడు. ఉద్యోగం పోయింది. ఛానల్ నడిపే నవీన్‌కుమార్‌కు ఈ సంగతి ఎవరో చెప్పారు. "గా హెడ్మాస్టర్‌ను నాకు గూడ ఓసారి చూపియ్యమ్మా" అని పిలిపించుకుని, చూసి, పొట్ట పట్టుకుని నవ్వి, అక్కడికక్కడే పనిలో పెట్టుకున్నాడు.

సూరవ్వ మాటలు రాసేది కూడా మెర్సీయే. ఇన్ని మాటలు ఎక్కడివని అడిగితే "ఏమో, గట్ల వస్తయి" అనేది. నిజానికి అవి వాళ్ళ వంటగదిలోంచి వచ్చేవి.

మెర్సీ అత్తగారు జంగమ్మ. వయసంతా బత్తాయి తోటల్లో కూలిపని చేసిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక ఇంటిపట్టున ఉంటోంది. టీవీలో ఎవరు మాట్లాడినా ఆమె ఊరుకోదు, తిరిగి జవాబు చెబుతుంది. ఒక నాయకుడు ఫలానా రోడ్డుకు మళ్ళీ శంకుస్థాపన చేస్తుంటే ఉల్లిగడ్డ తరుగుతూ తల కూడా ఎత్తకుండా అంది:

"మొన్నటి ఎలక్షన్లప్పుడు గూడ గీ రోడ్డుకే కొబ్బరికాయ కొట్టిండు. కొట్టకుంట పాతిపెట్టినా గీపాటికి చెట్టయి కాయలు కాసేది."

మర్నాడు ఆ మాట సూరవ్వ నోటి నుంచి వచ్చింది. ఊళ్ళో వారం రోజులు అదే చెప్పుకున్నారు.

వింతేమిటంటే, ఆ మాట తనదని జంగమ్మకు తట్టలేదు. రోజూ ఆ కార్యక్రమం చూసేది. అందరికన్నా గట్టిగా నవ్వేది. "గా ముసల్దాని నోరు సల్లగుండ! ఎట్ల పుడతయే నీకు గిసువంటి మాటలు?" అని కోడల్ని మెచ్చుకునేది. తన గొంతు ఎట్లా ఉంటుందో తనకు తెలిసేవాళ్ళు ఎందరుంటారు? మెర్సీ మొదట్లో చెబుదామనుకుంది. అత్త నవ్వుతుంటే చెప్పబుద్ధి కాలేదు. చెబితే ఆమె జాగ్రత్తపడి మాట్లాడుతుందేమోనన్న భయం కూడా ఉంది. జంగమ్మ కొడుకు, మెర్సీ భర్త సునీల్‌కు అంతా తెలుసు. నకిరేకల్ దగ్గర ఒక బళ్ళో టీచరు, నెమ్మదస్తుడు. అత్తాకోడళ్ళు కలిసి నవ్వుకుంటున్న ఇల్లు, దాన్నెందుకు కదిలించాలని నోరు మెదపలేదు.

ఇట్లా ఉండగా వీరేశం అనే నాయకుడు అలిగాడు. పార్టీలో తను కోరిన కుర్చీ దక్కలేదని ఫోను బంద్ చేసి తోట బంగళాలో కూర్చున్నాడు. బుజ్జగించడానికి ఎవరైనా వస్తారని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. చివరికి తనే బయటికి వచ్చి, కార్యకర్తల ఒత్తిడి మేరకు పార్టీలోనే కొనసాగుతున్నానని ప్రకటించాడు.

నాగేందర్ ఈ వార్త చదువుతుండగా సూరవ్వ చెయ్యెత్తింది.

"జర ఆగు కొడుకా. మా ఇంటాయన గూడ గిట్లనే. అలిగిండంటె పోయి కోళ్ళ కొట్టంల కూసునేటోడు. నేను బతిమాలితె రాలే. కోళ్ళు కసిరితె వచ్చిండు. జర వీరేశం సారును అడుగు, ఆయన్ను ఏ కోడి కసిరిందో!"

ఊరు ఊరంతా నవ్వింది. వీరేశం జీపు బజార్లోకి వస్తే ఎక్కడినుంచో "కొక్కొరొకో" అని వినిపించేది.

ఆ సాయంత్రం జంగమ్మ మాత్రం నవ్వలేదు. మెర్సీ ఇంటికి వచ్చేసరికే పడుకుని ఉంది. మోకాళ్ళ నొప్పేమో అనుకున్నారు.

మర్నాడు లీలమ్మ ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూటం. జంగమ్మ గుమ్మంలో చెప్పులు విడవగానే బిక్షమ్మ ఎదురొచ్చింది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే తోటలో పనిచేసినవాళ్ళు.

"జంగమ్మా, నిన్న టీవీల మీ ఎల్లస్వామన్న ముచ్చటే వచ్చె గదనే! కోళ్ళ కొట్టం!"

"మా ఆయన ముచ్చట టీవీల ఎందుకొస్తది?" అంది జంగమ్మ.

"అయ్యో, గా సూరవ్వ నువ్వే గద! మాట నీదే, చెయ్యి తిప్పుడు నీదే. మేమందరం ఎప్పటిసంది అనుకుంటనే ఉన్నం. నీకు ఎర్క లేదా?"

లోపల కూర్చున్నవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. జంగమ్మ కూడా నవ్వినట్టు చేసి, వెళ్ళి గోడ వారగా కూర్చుంది. ఆ రోజు పాటల్లో ఆమె గొంతు వినిపించలేదు.

ఊరందరికీ తెలిసి తనకొక్కతికే తెలియకపోవడం ఒక బాధ. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. కోళ్ళ కొట్టం సంగతి ఆమె టీవీకి జవాబుగా అన్నది కాదు. ఎల్లస్వామి జ్ఞాపకార్థ దినాన సమాధుల దగ్గరికి వెళ్ళి వచ్చాక, అత్తాకోడళ్ళిద్దరే అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పుకున్నది. కొంత నవ్వుతూ, కొంత ఏడుస్తూ చెప్పింది. మెర్సీకి చెప్పింది. నల్గొండకు చెప్పలేదు.

ఆమె తగువు పెట్టుకోలేదు. తెల్లారి మెర్సీ వంటగదిలోకి వస్తే, జంగమ్మ పొయ్యి దగ్గర నిటారుగా నిలబడి ఎటో చూస్తూ అంది:

"శుభోదయం. తేనీరు సిద్ధంగా ఉన్నది. సేవించవలసిందిగా విజ్ఞప్తి."

మెర్సీ మొదట నవ్వింది. అత్త మొహంలో ఏ మార్పూ లేకపోయేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆగింది.

సునీల్ స్నానం చేసి వచ్చాడు. "అమ్మా, ఏం కూర?"

"విశ్వసనీయ వర్గాల సమాచారం మేరకు బెండకాయ. పూర్తి వివరాలు అందవలసి ఉన్నది."

"పానం మంచిగున్నదా అమ్మా?"

"ఆరోగ్యం నిలకడగా ఉన్నది. వదంతులు నమ్మవద్దు."

సునీల్ భార్య వంక చూశాడు. భార్య పొయ్యి వంక చూసింది. ఇంత భాష జంగమ్మకు ఎక్కడినుంచి వచ్చిందా అనుకోనక్కరలేదు. తోటలో యజమాని రేడియోలో, ఇంట్లో టీవీలో, ఇన్నేళ్ళుగా ఆమె తిట్టిపోస్తూ విన్నదంతా చెవిలోనే ఉంది. ఒక్క ముక్క పోలేదు.

అది ఒక రోజుతో పోలేదు. పాలవాడు ఆలస్యంగా వస్తే, "పాల సరఫరాలో తీవ్ర అంతరాయం, ప్రజల ఆందోళన." పక్కింటివాళ్ళ బర్రె మల్లెచెట్టు తిన్నప్పుడు, "ఘటనపై విచారణకు ఆదేశించడమైనది." ఇదివరకైతే ఆ బర్రెకూ దాని యజమానికీ కలిపి ఆమె పెట్టే శాపనార్థాలతో సూరవ్వకు రెండు రోజుల మేత దొరికేది.

మెర్సీకి పని సాగలేదు. బస్టాండుకు వెళ్ళి కూర్చుంది. కూరగాయల మార్కెట్లో తిరిగింది. అందరూ బాగానే మాట్లాడుతున్నారు కానీ ఎవరూ జంగమ్మ కారు. సొంతంగా కల్పించి రాసిన మాటలు చెబుతుంటే కెమెరా వెనక ఎవరూ నవ్వలేదు. నాగేందర్ మంచివాడు కాబట్టి కొంచెం దగ్గాడు.

"ఏమైందమ్మా? మీ అత్తమ్మ ఊరికి పోయిందా?" అన్నాడు నవీన్‌కుమార్. అంటే ఆయనకు కూడా తెలుసన్నమాట.

"ఇంట్లనే ఉన్నది సార్. వార్తలు చదువుతాంది."

సంగతంతా విని నవీన్‌కుమార్ కళ్ళు మెరిశాయి. "గదే పెడదాం! మెల్లగ ఫోన్ల రికార్డు చెయ్యరాదు!"

"ఇప్పటిదాంక చేసింది చాలదా సార్?" అని మెర్సీ లేచి వచ్చేసింది. అప్పటిదాకా ఆమెకు మాటలు దొరకవన్న భయమే ఉంది. తను చేసింది ఎటువంటి పనో ఆ మాట విన్నప్పుడే అర్థమై సిగ్గేసింది.

ఇంటికి వచ్చి నేరుగా అత్త ముందు కూర్చుంది. "అత్తమ్మా, తప్పైంది. నన్ను తిట్టు."

జంగమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ఈ అంశంపై స్పందించడానికి నిరాకరించారు" అంది. ఎవరు నిరాకరించారో కూడా చెప్పలేదు.

మళ్ళీ ప్రార్థన కూటం రోజు వచ్చింది. చిత్రీకరణల వల్ల చాలాకాలంగా వెళ్ళని మెర్సీ ఆ రోజు సెలవు పెట్టి అత్త వెంట వెళ్ళింది. పాటలయ్యాక లీలమ్మ ఎప్పటిలాగే, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. మెర్సీ లేచి నిలబడింది. రోజూ ఊరందరినీ ఎగతాళి చేసే మనిషి నేల చూస్తూ మాట్లాడింది.

"గా కోళ్ళ కొట్టం ముచ్చట మా మామది గాదు" అంది. "మా నాయినది. సూరవ్వ మాటలు గూడ మా అవ్వయి. మా అత్తమ్మకు దాంతోని ఏ సంబంధం లేదు. ఎవ్వరు గూడ ఆమెను ఏమనొద్దు."

గోడ వారనుంచి జంగమ్మ గోడ పట్టుకుని లేచింది.

"ఏందే నువ్వనేది? ప్రార్థన కాడ నిలబడి అబద్ధమాడతవా? మీ నాయినకు కోళ్ళెక్కడియే? బతుకంత కిరాయింట్ల మేడ మీద ఉండె! కోళ్ళేమన్న మెట్లెక్కి వచ్చినయా?"

బిక్షమ్మ ఫక్కున నవ్వింది. లీలమ్మ కూడా బైబిల్ అడ్డం పెట్టుకుంది. జంగమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. ఇన్ని రోజులు బిగబట్టిన మాట ఒక్కసారిగా బయటపడింది.

"కూసున్నది మా ఆయనే. సూరవ్వ మాటలు గూడ నాయే, ఇంకొకళ్ళయి గావు. గని ఎందుకు కూసున్నడో గా టీవీ ముసల్ది చెప్పలే. మా సునీల్‌కు హాస్టల్ బడిల సీటొచ్చింది. ఒక్కగానొక్క పోరడు, నేను పంపనంటె పంపనన్న. నాతోని మాట్లాడి గెలిసినోడు ఎవడన్న ఉన్నడా? గందుకని ఆయన మాట్లాడనే లేదు. పోయి కొట్టంల కూసున్నడు. పొద్దంత. సాయంత్రం చూద్దును గద, మీసాలకు ఈకలు, నెత్తి మీద కోడిపుంజు! నాకు నవ్వాగలే. నవ్వినంక ఇగ కాదని ఎట్లంట? పోనియ్యి, సదువుకోనియ్యి అన్న." ఆమె మెర్సీ వైపు తిరిగింది. "వీరేశం కుర్చీ కోసం అలిగిండు. మా ఆయన కొడుకు సదువు కోసం అలిగిండు. రెండు ఒక్కటేనా?"

బిక్షమ్మ కళ్ళు తుడుచుకుని, "నాకు ఎర్క లేదు జంగమ్మా" అంది. తర్వాత లీలమ్మ ప్రార్థన చేసింది. అందులో ఎల్లస్వామి పేరుతో పాటు, అబద్ధాలాడే నాలుకల ప్రస్తావన కూడా వచ్చింది. మెర్సీ తల వంచుకుని ఆమేన్ అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మెర్సీయే ముందు మాట్లాడింది.

"అత్తమ్మా, మామ ఎందుకు అలిగిండో ఆ దినం నాకు గూడ చెప్పలే నువ్వు."

"చెప్దామనుకునేసరికి ఏడుపొచ్చింది." జంగమ్మ బయటికి చూస్తూ అంది. "నువ్వు నవ్వొచ్చిన కాడికి పట్టుకొని ఉరికినవు."

"తప్పే."

"అడిగితె ఇయ్యనంటినా? చెప్పి తీస్కో. సచ్చిపోయినాయనను మాత్రం నడిమిట్లకు తేకు. ఇంకోటి. గా విగ్గు తీసి బయట పారెయ్యి. నా నెత్తి గంత తెల్లగున్నదానే?"

ఆటో అతను అద్దంలో చూసి నవ్వాడు. "నువ్వు ముందు చూసి నడుపు కొడుకా" అంది జంగమ్మ. మెర్సీకి పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది.

ఆ వారంలోనే సూరవ్వ, సగమే నెరిసిన కొత్త విగ్గుతో, నాగేందర్ టై తను కట్టుకుని వార్తలు చదివింది. వాననీళ్ళు నిలిచిన ఒక కాలనీ గురించి "జలవనరుల లభ్యత ఆశాజనకంగా ఉన్నది" అన్నప్పుడు కెమెరా పట్టుకున్నవాడు నవ్వాపుకోలేక బొమ్మ కదిలింది. ఆ మాట తీసుకోవడానికి జంగమ్మ అనుమతి ముందురోజే దొరికింది.

అప్పటినుంచి మెర్సీ రాసిందంతా ముందు జంగమ్మకు చదివి వినిపిస్తోంది. ఆమె మెచ్చుకోవడం తక్కువ. "గిది మంచిగున్నది. గిది పొడుగైంది. జనం నవ్వేకాడ జర ఆగు, ఊపిరి తీస్కోనియ్యి" అంటుంది. మొన్న వీధిదీపాల మీద రాసిన ఒక మాట బాగాలేదు, తీసెయ్యమంది. మెర్సీకి ఆ మాట అంటే ఇష్టం. సొంతంగా పుట్టిన మాట మరి. గంటసేపు వాదించి, ఉంచుకుంది.

ఆ సాయంత్రం ముగ్గురూ కలిసి చూశారు. ఆ మాట వచ్చింది, పోయింది. సునీల్ నవ్వుదామని ప్రయత్నించాడు. జంగమ్మ గిన్నె దగ్గరికి లాక్కుని, కోడలి పళ్ళెంలో ఇంకొంచెం అన్నం పెట్టింది.