పన్నెండు బారల సాక్ష్యం

నేను ఒక చేంతాడును. ఏది పొడుగ్గా కనిపించినా "చేంతాడంత" అని మనుషులు నా పేరు వాడేసుకుంటారు గానీ, నేనెందుకు ఇంత పొడుగయ్యానో ఒక్కరూ అడగరు. అందుకే నేనే చెబుతున్నా.

వాగొడ్డున ఉన్న పల్లెలో లింగయ్య నన్ను గోగునారతో పేనాడు. అప్పుడు నా పొడవు ఏడు బారలు. అతని భార్య ఓదవ్వ నన్ను మంచినీళ్ల బావి గిలకకు ఎక్కించింది. మండువేసవిలో కూడా బొక్కెన బుడుంగున మునిగేది. ఊరందరికీ తాగే నీళ్లు అవే.

తర్వాత వాగులోకి ఇసుక లారీలు దిగాయి. ఇసుకతోపాటే బావిలో ఊటా తగ్గి, మరుసటి ఎండాకాలానికే నేను నీళ్లకు అందలేదు. ఓదవ్వ పాత చీర పేని నాకు అతుకు వేసింది. రెండో ఏడు బర్రె పలుపు కలిపింది. మూడో ఏడు నీలం నైలాను తాడు. అది ఇసుక లారీ మీదనుంచి జారిపడిందే! నీళ్లు ఎండబెట్టినవాడి తాడుతోనే నీళ్లు తోడాల్సి వచ్చిందని నాకు ఒళ్లు మండిపోయింది. అలా పన్నెండు బారలయ్యాను.

ఊరు ఊరంతా లారీలకు అడ్డంగా కూర్చుంది. తొమ్మిదో రోజున, ఆర్డీవో సారు విచారణకు వస్తాడని కబురొచ్చింది. ఇక చూడాలి మావాళ్ల హడావుడి! బావికి సున్నం కొట్టారు, గిలకకు నూనె పెట్టారు. అతుకుల తాడు సారు కంటపడితే ఊరి పరువు పోతుందని ఓదవ్వే నన్ను విప్పి కొట్టంలో పడేసి, నా అంత పొడుగు కొత్త తాడు కట్టింది. గోడు చెప్పుకోబోతూ సాక్ష్యాన్ని దాచిపెట్టుకున్న మహానుభావులు వీళ్లు.

సారు బావి చూసొచ్చి శామియానా కింద కూర్చోగానే, ఇసుక గుత్తేదారు మనిషి ముసిముసిగా నవ్వాడు.

"బావి ఎంత కళగా ఉందో చూడండి సార్. తాడు చక్కగా నీళ్లకు అందుతోంది. నీళ్లెక్కడ తగ్గాయి?"

"తగ్గాయనడానికి రుజువేమైనా ఉందా?" అని సారు అడిగాడు. రుజువు లేదని సారు రాశాడంటే, లారీలు మళ్లీ దిగుతాయి.

అప్పుడు గుర్తొచ్చాను ఓదవ్వకు! కొంగు బిగించి ఒకటే పరుగు. నన్ను భుజాన వేసుకుని వచ్చి, శామియానా కింద బారుగా పరిచేసింది.

"సారూ, గీ గోగునార లారీలు రాకముందుది. గీ చీర మొదటేడు ఏసిన. గీ పలుపు రెండోయేడు. గీ నీలం తాడు పోయినేడు. నీళ్లు కిందికి పోయినకొద్ది అతుకేసుకుంట వచ్చిన."

"వానలు తక్కువ పడ్డాయి సార్," అన్నాడు గుత్తేదారు మనిషి.

"పోయినేడు వాగు పొంగి రెండు దినాలు బస్సే రాకపాయె. గవి తక్కువ వానలా?"

జనం గొల్లున నవ్వారు. సారు లేచి, నా పక్కనే వంగి, తన చేతులతోనే బారలు కొలిచాడు. ప్రతి ముడి దగ్గరా ఆగాడు. చివరికి నడుం పట్టుకుని లేస్తూ, "లారీలు ఆపండి," అన్నాడు. కేకలు, ఈలలు! నాలో పోగుపోగూ పులకరించింది.

గుత్తేదారు కోర్టుకెళ్లాడు. నేను సాక్ష్యంగా చీటీ కట్టించుకుని కోర్టు ఆఫీసు బీరువాలో ఉంటున్నాను. మొన్న వాయిదాకు నన్ను బయటికి తీశారు. ఓదవ్వ నన్ను నిమురుతూ గుమాస్తాతో అంది:

"ఈ ఎండకాలం కొత్త తాడు మూడు బారలు మిగిలింది బిడ్డా. కోసి దండెం కట్టిన."

సాటి తాడును కోశారని విని ఇంతగా సంబరపడిన తాడును మీరెక్కడైనా చూశారా?