ఖాదర్‌వలి వేసిన చుక్క

హిందూపురంలో ఖాదర్‌వలి అంతగా చుక్కలేసేవాడు ఇంకొకడు లేడు. అపార్థం చేసుకోకండి, ఆయన చుక్క ముట్టని మనిషి. ఫోటో స్టూడియో యజమాని. ప్రతివాడి జేబులోకీ ఒక కెమెరా వచ్చి కూర్చున్నాక స్టూడియోలో ఈగలు తప్ప ఎవరూ ఫోజు పెట్టడం లేదు. అప్పుడు పట్టుకుంది ఆయనకు మ్యాపు పిచ్చి. లోకంలో ఎవరైనా సరే, జీతం బత్తెం లేకుండా, తలా ఒక గీత గీసి కంప్యూటర్లో నిలబెట్టే మ్యాపు అది. ఉపగ్రహం తీసిన ఫోటో మీద చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతే దారి అవుతుంది. పొద్దున మ్యాపు ముందు కూర్చున్నాడంటే మాపటిదాకా లేవడు. అందులోనూ మోజంతా ట్రాముల మీదే. చదువు పట్టా లేదు, భూమి పట్టా లేదు, కలకత్తా నుంచి లిస్బన్ దాకా ట్రాము పట్టాలు మాత్రం ఆయన చేతిలోవే.

ఆ మ్యాపు మనుషుల్లో ఒక పెద్ద తగాదా ఉంది. వీధి నడుమ పోయే ట్రాము పట్టాను వీధి గీత మీదే వేయాలా, పక్కన వేరే గీతగా గీయాలా అని. ఖాదర్‌వలి జవాబు ఒకటే. మొగుడూ పెండ్లామూ ఒకే చాప మీద పడుకుంటే మధ్యలో మీరెవరు రెండు మంచాలు వేయడానికి? ట్రాము ఊళ్లలో పట్టా అడ్డం కాదు, కార్లూ సైకిళ్లూ దాని మీదుగానే పోతాయి. అందుకని పట్టాకూ దారికీ కలిపి ఒకే చుక్క పెట్టాలి. చుక్క ఉంటే బండి దాటొచ్చని అర్థం. లేకపోతే ఒకటి పైన, ఒకటి కింద, పాత పగలున్న దాయాదుల్లా ముఖం చూసుకోకుండా పోతున్నాయని అర్థం. ఆ కలిపే చుక్క ఆయన వేలికి తస్బీ పూసలు తిప్పినంత అలవాటైపోయింది.

"ఏమప్పా ఖాదరూ, ఈ పొద్దు యా ఊరికి ట్రామేసినావు?" అని అడిగేవాడు పక్క టీ కొట్టు జాన్, గ్లాసు బల్ల మీద పెడుతూ.

"మెల్బోర్నుకు."

"మనూరికి ఎప్పుడేస్తావు?"

"అవి రామంటాండాయి జానూ. పేర్లోనే ఉండాది చూడు, రాము అని."

"ట్రాము రాకుంటే పాయ. నీ షాపుకు గిరాకీ అన్నా రానీ. ఊరు గాని ఊర్లకు దారులేస్తావు, సొంత జిల్లా నీకు కండ్లబడదా?"

ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో, మరునాటి నుంచి సొంత నేల మీద పడ్డాడు. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం దాకా రైలు పట్టాల వెంబడి, కుర్చీ దిగకుండానే ప్రయాణం చేశాడు. దారి ఎదురైన చోటల్లా అలవాటు చొప్పున కలిపి చుక్క పెట్టాడు. రైలు వీధిలో సంసారం చేసేది కాదనీ, కట్ట పోసుకుని, కంచె వేసుకుని వేరు కాపురం పెట్టిందనీ ఆయనకు తట్టలేదు. ట్రాము మనిషి కదా.

ఖాదర్‌వలి తమ్ముడు యూనస్ ఆ ఏడే పెనుకొండకు ఇవతల, రైలు కట్ట పక్కన, ఒక చెనిక్కాయ చేను గుత్తకు తీసుకున్నాడు. కాయ పీకే రోజుల్లో ఒక ఉదయం యూనస్ భార్య షహీన్ ఫోను చేసింది.

"బావా, మీ తమ్మున్ని పాము కరిచింది. నాగుపామే. కండ్లు మూతలు పడతాండాయి."

"బండేమన్నా దొరికిందా?"

"ధర్మవరం వ్యానుకు అడ్డం పడి నిలిపినా. హరీష్ అంట డ్రైవరు, ఈ పక్క దారులు తెలీవంటాండాడు. మేం రోజూ హైవే మీద చుట్టూ తిరిగి వస్తాం కదా, ఆ దారినే పెనుకొండ ఆసుపత్రికి పోతాం."

"వద్దు పాపా, అది శానా చుట్టు. ఫోను డ్రైవరుకియ్యి, నేను చెప్తా."

తెర మీద చేను పక్క మట్టిదారి నేరుగా పట్టాలు దాటి ఊళ్లో పడుతోంది. "ఎడమకు తిప్పు నాయనా. నేరుగా పో. గేటొస్తాది, దాటితే ఆసుపత్రి దగ్గరే. భయం లేదు, ఆ దారి నేనే వేసినా."

ఫోనులో వ్యాను కుదుపులు వినపడ్డాయి. నాలుక మందమైన గొంతుతో యూనస్ "అన్న ఉండాడా?" అన్నాడు. "ఉండాడు, మనతోనే ఉండాడు" అంది షహీన్. అంతలో వ్యాను ఆగింది.

"సార్, యాడుంది గేటు?"

"ఎదురుగానే."

"ఎదురుగా కట్ట ఉండాది సార్. దాని ముందర ఇనుప కంచె. మనిషి దూరే సందు గూడా లేదు."

ఖాదర్‌వలి తెర మీద బొమ్మను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ఎంత పెంచినా చుక్కే కనిపించింది, కంచె కనిపించలేదు. అవతల హరీష్ ఆ ఇరుకు దారిలో వ్యానును వెనక్కి పోనిస్తున్నాడు. మళ్లీ చేను దాకా, అక్కడినుంచి హైవే మీద చుట్టూ. "కండ్లు తెరువు, ఇంగ కొంచెం దూరమే" అని షహీన్ అంటూనే ఉంది. తర్వాత ఆ మాట కూడా ఆగిపోయింది. ఫోను మాత్రం ఆగలేదు. వ్యాను చప్పుడును ఖాదర్‌వలి చెవికి ఆనించుకునే కూర్చున్నాడు.

ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే, అన్నారట ఆసుపత్రిలో.

మూడోనాడు, యూనస్ కోసం చేసే జియారత్ ప్రార్థనకు వచ్చినవాళ్లందరికీ ఖాదర్‌వలి భార్య ఖాతూన్‌బీ ఒకే మాట చెప్పింది. "ఫోను దించకుండా దారి చెప్తానే ఉన్నాడు పాపం. ఆయుస్సు లేకపోతే ఎవరేం జేస్తారు." వాళ్లు ఆయన భుజం తట్టి పోయారు.

అప్పుడు హరీష్ వచ్చాడు, ధర్మవరం నుంచి. లోపలికి రాకుండా గడప బయటే కూర్చున్నాడు.

"అన్నా, మీరు చెప్పిన మలుపు నేను దాటిపోయింటానేమో. అదే తొలుస్తాండాది నన్ను. గేటు ఇంగో పక్క ఉండిందేమో, కంగారులో కంచె కాడికి తోలినానేమో."

షహీన్ గోడకు ఆనుకుని ఉంది. "ఆ మ్యాపు చూపీ బావా ఈయప్పకు. యాడ తప్పినాడో తెల్సుకుంటాడు."

ఖాదర్‌వలి ఫోను తీసి చేతికిచ్చాడు. హరీష్ వేలు చేను దగ్గర బయలుదేరి, ఎడమకు తిరిగి, నేరుగా పోయి, పట్టాల మీది చుక్కను దాటి, ఆసుపత్రి దగ్గర ఆగింది.

"దారి ఉండాదే" అన్నాడు హరీష్. "ఇంత సక్కగా ఉండాదే. అయితే నేనే తప్పినా."

తలను మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"నీ తప్పేముండాది లేప్పా" అంది షహీన్. "కొత్త దారి. ఎవరైనా తప్పుతారు."

ఖాదర్‌వలి నోరు తెరిచాడు. షహీన్ తల తిప్పి, ఏమిటన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నోరు మూసుకున్నాడు. హరీష్ చేతిలో ఫోను వెలుగు ఆరిపోయింది.

"ఇంగొక్కసారి చూపీయన్నా" అన్నాడు హరీష్, తల ఎత్తకుండానే ఫోను చాచి.

ఖాదర్‌వలి వేలితో తాకాడు. మ్యాపు మళ్లీ వెలిగింది.