రెండోసారి పుట్టినవాడు

ఖాకీ సంచిలో చోడిపిండి మూట అడుగున పెట్టాలా, పైన పెట్టాలా అన్నది చిట్టెమ్మకు పొద్దుటినుంచీ తేలడం లేదు. అడుగున పెడితే తడుస్తుందని భయం. పైన పెడితే ఎవరైనా లాక్కుపోతారని భయం. ఆ సంచి పటాలం వాళ్ళు ఇచ్చినది. ఆమె మగడు సోంబరు పెద్ద యుద్ధంలో బస్రా వెళ్ళి, కంచరగాడిదల దళంలో పనిచేసి, అరకు కొండలకు తిరిగి వచ్చినవాడు. ఇప్పుడు అదే సంచితో అస్సాం బయలుదేరుతున్నాడు.

కూతురు గంగా, అల్లుడూ తేయాకు తోటలకు కూలీలను పోగేసే మేస్త్రీ మాటలు నమ్మి కిందటేడు అక్కడికి వెళ్ళారు. అల్లుడు జ్వరంతో పోయాడనీ, వేలిముద్ర వేసిన కూలి గడువు తీరేదాకా గంగను తోటవాళ్ళు వదలరనీ సంతలో కబురు తెలిసింది. రైలెక్కినవాడు, సముద్రం దాటినవాడు ఆ ఊళ్ళో సోంబరొక్కడే.

"ఏటే, సంచి బేగి కట్టవా? పిండి ఎక్కడున్నా పిండే!"

"ఎప్పుడొత్తావో సెప్పు, కడతాను."

"కొత్త పండక్కి ఒచ్చేత్తాను."

"మునుపూ అలాగే అన్నావు గంగ అయ్యా. నీకు ఆకేసీసినాం."

సోంబరు నవ్వాడు. "ఏత్తే ఏటయింది? నాకు రెండో పెళ్లయింది."

ఆ కొండల్లో మామిడి కాపుకొచ్చినా, కొత్త పండగ చేసి చనిపోయిన పెద్దలకు ఆకులో వడ్డించేదాకా ఎవరూ కాయ నోట పెట్టరు. సోంబరు బస్రాలో ఉండగా ఏళ్లతరబడి కబురు లేదు. మంచిచెడ్డలు చూసి చెప్పే దిసారి మంగ్లు నీళ్ళలో బియ్యం వేసి చూసి, మనిషి లేడన్నాడు. ఆ పండగకు పెద్దల వరసలో సోంబరుకూ ఆకు వేశారు. చిట్టెమ్మే ఏడుస్తూ వడ్డించింది.

ఆ ఏడు చలికాలంలో, బూట్లు మెడకు వేలాడేసుకుని, సోంబరు గుమ్మంలో నిలబడ్డాడు.

ఆకు అందుకున్నవాడు బతికున్నవాళ్ళ బంతిలో కూర్చోకూడదు. మళ్ళీ పుట్టాలి. ఆడవాళ్ళు చీర అడ్డం పట్టుకుంటే అంత మనిషీ దాని కిందనుంచి పాకుతూ వచ్చాడు. పసుపునీళ్ళు పోసి మొలతాడు కట్టారు. పదేళ్ళ గంగ తండ్రి నోట్లో గంజి పోస్తూ, "మా తమ్ముడికి అప్పుడే మీసాలొచ్చీసినాయి!" అంది. ఊరంతా విరగబడి నవ్వింది.

"ఏడవరా గుంటడా, పుట్టినోడు ఏడవాల!" అంది పక్కింటి తవిటమ్మ.

సోంబరు నిజంగానే ఏడ్చాడు. సాయంత్రం చిట్టెమ్మతో అతనికి మళ్ళీ పెళ్లి చేశారు.

ఆ తర్వాతి ఏళ్ళు చిట్టెమ్మకు చలికాలపు ఎండపొద్దులా ఉండిపోయాయి. అతను ఆమెను హవల్దారమ్మా అని పిలిచేవాడు. ఏరు దాటాల్సి వస్తే గంగను వీపునెక్కించుకుని, "సర్కారోరి గాడిద, గట్టిగా పట్టుకో" అనేవాడు. పోడు నుంచి దిగేటప్పుడు తన మోపు మీద చిట్టెమ్మ మోపు కూడా వేసుకునేవాడు. యుద్ధం సంగతి అడిగితే తను మేపిన గాడిదల పేర్లు చెప్పేవాడు. మనుషుల పేర్లు చెప్పేవాడు కాదు.

అస్సాంకని ఘాటు దిగి వెళ్ళిన సోంబరు కొత్త పండగకు రాలేదు. వానలు వెనకబట్టాక, ముంచింగిపుట్టు కూలీలతో కలిసి గంగ ఒక్కతే వచ్చింది.

"అయ్య ఏడే?"

"నా బదులు ఏలిముద్ర ఏసీసినాడమ్మా. నా గడువు తను తీరుత్తానన్నాడు. ఒద్దని కాళ్ళు పట్టుకున్నాను. హవల్దారమ్మ కాసుకోనుంటాది, బేగి పో అన్నాడు."

మరుసటేడు పండగకు దిసారి వచ్చి గుమ్మంలో నసిగాడు. "సిట్టెమ్మా, సోంబరుకి కూడా..."

"బతికున్నోడికి ఓపాలి ఏసినాం తాతా. సాలదా? ఈపాలి ఆయనొచ్చి నాతో తింతాడు."

ఆకు వేయలేదు. అందరూ మామిడి తిన్నారు. చిట్టెమ్మ ముట్టలేదు. ఆ పై ఏడూ ముట్టలేదు.

అదే తోటలో పనిచేసి తిరిగొచ్చిన మనిషి ఒకడు సంతలో గంగను వెతుక్కుంటూ వచ్చి చెప్పాకగాని వాళ్ళకు తెలియలేదు. సోంబరు తిరిగి రాలేదు. పంతొమ్మిదివందల ఇరవై ఎనిమిది మాఘమాసంలో, కూతురి గడువు ఇంకా కొంత మిగిలి ఉండగా, అస్సాం తోటలోనే జ్వరంతో చనిపోయాడు.