తొమ్మిది జతలు

మా మూడు కుటుంబాల్లో ఎవరి బరువెంతో నాకు తెలుసు. తెలుసుకోవాలని సరదా పడి కాదు, తప్పక తెలుసుకున్నాను.

క్రిస్మస్ ఆరాధన అయిన మర్నాడు, డిసెంబరు ఇరవై ఆరున, మేమంతా కొలరాడోలో ఒక పెద్ద స్కీ రిసార్టుకి బయల్దేరాలి. మేముండే అరిజోనాలోని చాండ్లర్ నుంచి పది గంటల డ్రైవు. ముప్ఫై కల్లా తిరిగి రావాలి, ఎందుకంటే ముప్ఫయ్యొకటిన చర్చిలో కొత్త సంవత్సరం కూడిక ఉంది, అందులో కీబోర్డు వాయించేది నోయెల్. నోయెల్, అతని భార్య క్రిస్టీ, వాళ్లకి ఇద్దరు మగపిల్లలు. మావారి ఆఫీసులో పనిచేసే తేజేశ్వర్, భార్య నమ్రత, వాళ్లమ్మాయి హంసిక. మా ఇంట్లో మావారు జోనాథన్, పద్నాలుగేళ్ల మా అమ్మాయి ఫెబీ, నేను. మొత్తం పదిమందిమి. నా పేరు దేవకుమారి. ఉండటానికి కాండో, అంటే అద్దె ఇల్లు, వెతికింది నేను, పెద్ద వ్యాను మాట్లాడింది నేను, పిల్లల పేర్లు స్కీ స్కూల్లో రాయించింది నేను. హంసికకి వేరుసెనగ పడదని గుర్తుపెట్టుకునేదీ నేనే.

అన్నీ నేనే ఎందుకంటే అందరి దగ్గరా ఒకటే జవాబు. "నీకు వారానికి నాలుగు రోజులు ఆఫే కదా!" నేను చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. పన్నెండు గంటల షిఫ్టు, తల నుంచి కాళ్లదాకా తెల్ల సూటు, మంచినీళ్లు తాగాలన్నా ఆ సూటంతా విప్పాలి. మూడు రోజులు అలా నిలబడి వస్తే నాలుగో రోజు కాళ్లు నా మాట వినవు. ఆ ఆఫ్ రోజులు దానికని ఎవరికీ తోచదు. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అనలేదు.

బరువుల సంగతి చెబుతాను. స్కీలు, అంటే మంచు మీద జారడానికి బూట్లకి బిగించుకునే పొడవాటి పట్టీలు, అద్దెకిచ్చేవాళ్లు ఒక ఫారం పంపుతారు. ఒక్కొక్కరి వయసు, ఎత్తు, బరువు, బూటు సైజు, స్కీయింగ్ ఎంతవరకు వచ్చు అన్నది రాయాలి. మనిషి పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిరావాలి. ఎంత గట్టిగా బిగించాలో ఈ అంకెల్ని బట్టే చూస్తారు. నిరుడు నోయెల్ ఒక్క పూట నేర్చుకుని ఇంటర్మీడియట్, అంటే బాగానే వచ్చు, అని రాసేశాడు. పడ్డాడు, బూటు ఊడలేదు, మోకాలు మెలిపడింది. స్కీలే బాగాలేవన్నాడు. ఆడలేక మద్దెల ఓడు. ఫిబ్రవరిదాకా స్టూలు మీద కాలు పెట్టుకునే కీబోర్డు వాయించాడు.

అందుకని ఈసారి వాట్సాప్ గ్రూపులో రాశాను, దయచేసి నిజం బరువులు పంపండి అని. బొటనవేళ్లు వచ్చాయి గాని బరువులు రాలేదు. తర్వాత ఒక్కొక్కరే ఫోన్లు చేశారు.

"అక్కా, నాకు నూట ముప్ఫై పౌన్లు రాసెయ్యి," అంది క్రిస్టీ.

"స్కేలెక్కి చూశావా?"

"మా ఇంట్లో స్కేలు సూట్‌కేసులకే అక్కా. మనుషుల్ని ఎక్కువ చూపించేస్తది."

నమ్రత నయం, దాపరికం లేదు. "అక్కా, నాది వన్ సిక్స్టీ ఎయిట్ రాస్కో. తేజూకు మాత్రం చెప్పకు, పరేషాన్ చేస్తడు."

క్రిస్టీ అన్నది నవ్వులాటకి కాదు. మనవాళ్ల ఇళ్లలో ఆ స్కేలు ఉండేదే ఇండియా పెట్టెల కోసం. పెట్టె పట్టుకుని ఎక్కితే ఒక అంకె, పెట్టె దించి ఎక్కితే ఇంకో అంకె. పక్కనున్నవాళ్లు మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే పెట్టె బరువు తేలుతుంది, విమానంలో అది యాభై పౌన్లు దాటకూడదు. మా ఇంట్లో ఎక్కేది నేను, తీసేసేది జోనాథన్. "నలభై తొమ్మిది! సూపర్ కుమారీ, ఇంకో ప్యాకెట్ చాక్లెట్లు పడతాయి," అంటాడు. పోయినసారి నాలుగు పెట్టెలు తూచాం. ఏ పెట్టె ఎంతో ఇప్పటికీ చెప్పగలను.

ఇక మంచు. మేం అక్కడికి వెళ్లడం ఇది మూడోసారి. మొదటిసారి, నాలుగేళ్ల కిందట, క్రిస్టీ చిన్నవాడికి ఎనిమిది నెలలు, వాణ్ణి నేను చూసుకున్నాను. రెండోసారి నోయెల్ మోకాలు, ఐసు పెట్టిందీ చారు పెట్టిందీ నేనే. రెండుసార్లూ కలిపి ఎనిమిది రోజులున్నాను, మంచులో అడుగు పెట్టలేదు. చూడలేదా అంటే చూశాను, సింకు ముందు నిలబడి, కిటికీలోంచి. కొండ మీంచి ఎర్రజాకెట్ల పిల్లలు జారుతూ వస్తుంటే ఏడుపొచ్చేంత ముచ్చటేసింది. నలభై ఐదేళ్లు వచ్చాయి, ఒక్కసారి జారాలని ఉండదా? మొన్న ఆగస్టులో, బయట నూట పది డిగ్రీల ఎండలో, సేల్‌లో నీలం రంగు స్నో ప్యాంటు కొనుక్కున్నాను. ఈసారి నేనూ నేర్చుకుంటానని జోనాథన్‌తో చెప్పాను. "తప్పకుండా," అన్నాడు, టీవీ చూస్తూ.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ మా ఇంట్లోనే భోజనం. తేజేశ్వర్ వాళ్లు కూడా వచ్చారు. ప్రయాణం గురించి మాట్లాడుకోవాలి కదా. బిర్యానీ మధ్యలో స్కీ షాపు నుంచి ఫోనొచ్చింది. నా చేతులు పెరుగు చట్నీలో ఉన్నాయి, జోనాథన్ తీసి స్పీకర్లో పెట్టాడు. షాపామె చాలా మర్యాదగా అడిగింది. మీ పార్టీకి తొమ్మిది జతలు, అవునా? మార్పులుంటే ఐదింటిలోపు చెప్పండి. పెద్దవాళ్ల బిగినర్స్ క్లాసులో ఒకే ఒక్క చోటు మిగిలింది, మీకెవరికైనా కావాలా?

"తొమ్మిది కరెక్టే," అన్నాడు జోనాథన్. "క్లాసు అక్కర్లేదు, థాంక్యూ."

"పదిమందిమి కదా," అన్నాడు నోయెల్, వేళ్లు లెక్కపెడుతూ.

"అమ్మ స్కీ చెయ్యదు అంకుల్," అంది ఫెబీ. "అమ్మ కాండోలో ఉంటది. షీ లైక్స్ ఇట్."

"ఆమె అక్కడుంటేనే మనకు తిండి, లేకుంటే ఎట్ల?" అన్నాడు తేజేశ్వర్. మెచ్చుకోలుగానే అన్నాడు. అందరూ నవ్వారు.

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఒళ్లు మండిపోయింది. ఆగస్టులో తప్పకుండా అన్న పెద్దమనిషిని ఆ ఫారం చూపించి నిలదీద్దామని లాప్‌టాప్ తెరిచాను. జోనాథన్, ఫెబీ, నోయెల్, క్రిస్టీ, పిల్లలిద్దరు, తేజేశ్వర్, నమ్రత, హంసిక. పదో వరుస ఖాళీగా ఉంది. ఫారం నింపింది జోనాథన్ కాదు. క్రిస్టీ చెప్పిన నూట ముప్ఫైని నూట నలభై ఐదుగా దిద్దింది, నోయెల్ చేత బిగినర్ అని ఒప్పించింది, అందరి అబద్ధాలూ పట్టుకుంది నేను. నన్ను మర్చిపోయిందీ నేనే. షిఫ్టు నుంచి వచ్చి, కళ్లు మూతలు పడుతుంటే, అందరివీ అయిపోయాయనుకుని పంపించేశాను.

కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషి దొరకలేదు. కుర్చీలో అలా కూర్చుండిపోయాను. నిజం చెప్పొద్దూ, పోనీలే అనిపించింది. వచ్చే ఏడు చూద్దాం, ఇప్పుడు ఎవరు ఫోన్లు చేస్తారు, ఎవరు చెబుతారు వీళ్లందరికీ, అలసిపోయాను అనిపించింది. గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

ఖాళీ ప్లేట్లు తెచ్చిన క్రిస్టీ నా వెనక నిలబడి స్క్రీన్ చూసింది.

"నువ్వూ స్కీలు వేసుకుంటావా అక్కా? మంచిదే. కానీ మరి మధ్యాహ్నం పిల్లలకి వేడివేడిగా అన్నం?"

అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరని మా నాయనమ్మ అనేది. తను ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు.

"రైస్ కుక్కర్ నువ్వు నొక్కినా ఉడుకుతుందే," అన్నాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. క్రిస్టీ ప్లేట్లు సింకులో పెట్టింది. నీళ్లు తిప్పి తనే కడగడం మొదలుపెట్టింది.

నేను గ్యారేజీలోకి వెళ్లాను. పెద్ద పెట్టెల వెనక, గోడకి ఆనించి ఉంది స్కేలు. దుమ్ము పట్టింది. కొంగుతో తుడిచి నేల మీద పెట్టి, చెప్పులు విప్పి ఎక్కాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ స్కేలు మీద ఎప్పుడూ ముందు చేతుల్లో ఏదో బరువు ఉండేది.

తలుపు తెరుచుకుంది. జోనాథన్.

"ఏ పెట్టె తూస్తున్నావు? ఇండియా ఇప్పుడెందుకు?" అంటూనే, అలవాటు కొద్దీ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచాడు. "చెప్పు. మొత్తం ఎంత?"

"పెట్టె లేదు."

"మరి?"

"నేనే."

అతను నా వైపు చూశాడు, స్కేలు వైపు చూశాడు, చుట్టూ ఉన్న పెట్టెల వైపు కూడా చూశాడు. అతని మొహం మారింది. ఆగస్టు గుర్తొచ్చి ఉంటుంది. సారీ చెబుతాడేమోనని భయమేసింది. చెబితే ఏడ్చేస్తాను, ఏడిస్తే ఐదైపోతుంది.

"నూట యాభై మూడు," అన్నాను. "రాసుకో. దేంట్లోంచీ తీసెయ్యకు."

అతను రాసుకున్నాడు. షాపుకి ఫోన్ చేశాడు. తొమ్మిది కాదండీ పది, ఆ క్లాసులో చోటు కూడా మాకే అన్నాడు. నా పేరు ఒక్కొక్క అక్షరమే విడదీసి చెప్పాడు. వయసు చెప్పాడు, బరువు చెప్పాడు. నేనింకా స్కేలు మీదే ఉన్నాను. దిగితే కాళ్లు కూర్చోమంటాయి.

జోనాథన్ ఫోన్‌కి చెయ్యి అడ్డంపెట్టి అడిగాడు, "ఎంతవరకు వచ్చని చెప్పమంటావ్? కొంచెం వచ్చని చెప్పనా?"

"ఏమీ రాదని చెప్పు," అన్నాను. "అబద్ధం చెబితే బూటు ఊడదు."