రత్నమ్మ బుట్ట

పొలం పహాణీ కాపీ తీయించుకున్న మొగుడంపల్లి రైతు ఇంకా గుమ్మం దాటనే లేదు, చంద్రప్ప వేళ్లు మూడు మీటలను ఒక్కసారి నొక్కాయి. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. అందులో ఏం రాసి ఉందో చూడకుండానే ఎంటర్ కొట్టాడు. ఆ రైతు ఏ సైటులోకి ఏ పేరుతో వెళ్లాడో, ఆ గుర్తులన్నీ పోయాయి. తర్వాత కూర్చునే మనిషికి కుర్చీ వేడి తప్ప ఏమీ దొరకదు.

జహీరాబాద్ బస్టాండు ఎదుటి సందులోని ఆ నెట్ సెంటరు రాజశేఖర్ సేటుది. ఆయనకు ఈ తుడుపుడు పని గిట్టదు.

"మాటిమాటికి మళ్ల లాగిన్ గావాల్నంటే టైమంతా గిట్లనే పోతది చంద్రప్పా. ఆ కుకీలను జర ఉండనియ్యరాదు" అని సణుగుతాడు.

చంద్రప్ప తల ఊపుతాడు, మళ్లీ తుడుస్తాడు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరిన ఉద్యోగం అది. అందులో అతనికి పెరిగింది ఏదైనా ఉందంటే కళ్లద్దాల మందం ఒక్కటే. పొద్దున నుదుట దిద్దుకున్న మూడు విభూతి గీతలు మధ్యాహ్నానికి చెమటకు చెదిరి ఒకటిన్నర అవుతాయి. వచ్చేవాళ్లు అతని ముఖం చూడరు, తెర చూస్తారు. అతనికీ అదే అలవాటైంది.

మూల కంప్యూటరు సంగతి మాత్రం వేరు. దాని మీద అతను ఆ మూడు మీటలు ఎప్పుడూ నొక్కడు. బ్రౌజర్ మూసేస్తే అన్ని కుకీలూ వాటంతటవే పోయేలా, ఒక్క బట్టలూ సామాన్ల సైటుది మాత్రం పోకుండా సెట్టింగులు పెట్టుకున్నాడు. ఆ ఒక్కటీ రత్నమ్మది.

భార్య రత్నమ్మ రోజూ జొన్నరొట్టెల డబ్బా తెచ్చేది. అతను తినే కాసేపు కొంగుకు చేతులు తుడుచుకుని మూల కంప్యూటరు ముందు కూర్చుని ఆ సైటు చూసేది. పేరు రాసి ఖాతా తెరిచింది లేదు, ఏదీ కొన్నది లేదు. నచ్చినవన్నీ బుట్టలో వేసుకునేది.

"కొననప్పుడు ఏసుకునుడెందుకే?" అన్నాడొకసారి.

"చూసినందుకు ఎవడన్న పైసలడుగుతడా? ఉండనీ. మరి నేను పొయినంక గూడ గివన్నీ గిట్లనే ఎట్లుంటయి?"

"దుకాణపోడు మన సంచిలనే ఒక చీటీ ఏసి పంపుతడు. మళ్ల పోతే ఆ చీటీ చూసి గుర్తువడ్తడు. గదే కుకీ."

"అయితే నా చీటీ తుడువకు."

నిరుటి వానాకాలం జ్వరంతో దవాఖానకు వెళ్లిన రత్నమ్మ తిరిగి రాలేదు. బుట్ట ఉంది. మిక్సీ జారు, ఆకుపచ్చ ఇల్కల్ చీర, మోకాలి పట్టీ, చాయ్ వడగట్టే జాలి, మడత గొడుగు. రోజూ షట్టర్ ఎత్తగానే చంద్రప్ప మొదట చూసేది దాన్నే. మీరు ఎంచుకున్నవి మీ కోసం ఎదురుచూస్తున్నాయి అని ఉంటుంది పైన. రత్నమ్మ వస్తుందని ఈ లోకంలో ఇంకా అనుకుంటున్నది ఆ దుకాణం ఒక్కటే. అది అబద్ధమని తెలిసీ చంద్రప్ప దాని మీదే బతుకుతున్నాడు.

ఆ రోజు ఏవో పరీక్షల ఫలితాలు. కుర్చీలన్నీ నిండాయి. ఝరాసంగం నుంచి వచ్చిన రోజా అనే అమ్మాయిని చంద్రప్ప మనసొప్పకపోయినా మూల కంప్యూటరు దగ్గరే కూర్చోబెట్టాల్సి వచ్చింది. నర్సింగ్ చదివిన పిల్ల. హైదరాబాద్‌లో ఏదో ఆసుపత్రి ఉద్యోగానికి అదే ఆఖరి రోజట.

"కాకా, ఇంట్ల తెల్వదు. జిరాక్స్ అని చెప్పిన. మా అన్న నన్ను ఈడ దింపి అల్లం అమ్మనీకె పోయిండు. ఆయన వచ్చేలోపల అంతా తుడిచెయ్యి" అంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నా తాన ఏదీ మిగలదు."

ఫోటో స్కానర్ మీద పెట్టించాడు. పేరు, ఊరు, చదువు తనే కొట్టాడు.

"ఫోన్ నంబరు?"

రోజా చెప్పింది. ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నవాళ్లు ఎప్పుడూ చెప్పినట్టే చెప్పింది. అతను ఎప్పుడూ కొట్టినట్టే కొట్టాడు. ఆ ఫోన్ ఎవరి జేబులో ఉందని అతను అడగలేదు, ఆమెకూ తోచలేదు.

ఆఖరి పేజీకి వచ్చేసరికి బయట మోటారు సైకిల్ ఆగింది. రోజా గుమ్మం వైపు చూసింది.

"మా అన్న."

అతను ఏమీ ఆలోచించలేదు. వేళ్లు ఆలోచించనివ్వలేదు. మూడు మీటలు, చిన్న పెట్టె, ఎంటర్. ఫారం మాయమైంది. తెర తెల్లగా అయింది.

అన్న శ్రీకాంత్ లోపలికి వచ్చాడు. తెర వైపు కన్నెత్తి కూడా చూడలేదు. చేతిలో ఫోన్ పైకెత్తాడు.

"అప్లికేషన్ మొదలువెట్టిన్రని నాకే మెసేజ్ వచ్చింది. జిరాక్స్ అంటివి గద? నడువ్."

రోజా లేచింది. ఒక్కసారి చంద్రప్ప వైపు చూసి, అన్న వెనకాలే బండెక్కి వెళ్లిపోయింది. కుర్చీల్లోని వాళ్లు తలలెత్తి చూసి మళ్లీ తమ మార్కులు వెతుక్కున్నారు.

దేనికి తుడిచినట్టు? ఆ పిల్ల బతుకు ఫోన్‌లో వెళ్లిపోతే తను ఇక్కడ గుడ్డ పట్టుకుని నేల తుడిచాడు. ఆ మాట అనుకుంటుండగానే, తను తుడిచింది ఏ కంప్యూటరో చంద్రప్పకు గుర్తొచ్చింది.

గబగబా సైటు తెరిచాడు. కుకీలు పెట్టుకోవడానికి అనుమతిస్తారా అని అడిగింది, మొదటిసారి గడప తొక్కిన మనిషిని అడిగినట్టు. ఒప్పుకున్నాడు. బుట్ట ఖాళీగా ఉంది.

చంద్రప్పకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అదీ తన వేళ్ల మీద. వెతికి వెతికి మళ్లీ నింపసాగాడు. మిక్సీ జారు దొరికింది. మోకాలి పట్టీ దొరికింది, గొడుగు దొరికింది. ఆ ఆకుపచ్చ చీర లేదు గానీ అలాంటిదే ఇంకొకటి ఉంది. మరొకటేదో ఉండాలి. పొద్దున కూడా చూశాడు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. తను ఒక్కడే గుర్తుపెట్టుకోవాల్సింది దుకాణానికి అప్పజెప్పి ఇన్నాళ్లూ నిశ్చింతగా కూర్చున్నాడు. అన్నీ తీసేసి బ్రౌజర్ మూశాడు.

"చంద్రప్పా, గీ ఆధార్ జర స్కాన్ గొట్టు" అన్నాడు సేటు, ఎవరో ముసలాయనను లోపలికి పంపుతూ.

చంద్రప్ప లేచి స్కానర్ మూత ఎత్తాడు. అద్దం మీద రోజా ఫోటో బోర్లా పడి ఉంది.