పదకొండు మందికి ఒకే నంబరు

పరంజ్యోతి చనిపోలేదని నంద్యాలలో ఒక ఆఫీసు కిటికీ లోపలి నుంచి చెప్పారు.

చెప్పిన గుమాస్తాకు కోపం కూడా లేదు. బాలమ్మ ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం మీది నంబరును కంప్యూటర్లో రెండుసార్లు కొట్టి చూశాడు. సింహాల ముద్ర మీద వేలు పెట్టి రుద్దాడు. "ఇది మాది కాదవ్వా. దొంగ వెబ్‌సైటుది. మా రికార్డులో నీ భర్త బతికే ఉన్నాడు" అన్నాడు.

"బతికుంటే నేను ఈడికి ఎందుకొస్తానప్పా? యాడున్నాడో చెప్పు, పోయి పిల్చుకొస్తా."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. "ఏడాది దాటిపోయింది. ఇప్పుడు నమోదు చేయాలంటే పై అధికారి ఆర్డరు కావాలి. ముందు పోలీసు కేసు కాగితం తీసుకురా. అదయ్యేదాకా పింఛను రాదు."

తిరుగు బస్సులో ఆమె తన పక్క చోటు ఖాళీగా వదిలి కూర్చుంది. కండక్టరు జరగమన్నా జరగలేదు. పరంజ్యోతి ఇరవై ఏళ్ళు రైసుమిల్లులో బస్తాలు మోసి, తవుడు దుమ్ముతో ఊపిరి చెడి చనిపోయాడు. శవపెట్టె గోతిలోకి దించాక ఆమె తన చేత్తోనే మట్టి వేసింది. అప్పటి నుంచి మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఆయన దగ్గు వినబడుతుంది. ఇన్నాళ్ళూ చెవుల తప్పనుకుంది. ఇప్పుడు, ఆయన నిజంగానే ఎక్కడో ఒక వరుసలో నిలబడి, పేరు పిలుస్తారేమోనని దగ్గుతున్నాడని తోచింది.

ఆదివారం ఆళ్లగడ్డలో, వాళ్ళ పేట చర్చిలో ఆరాధన ముగిశాక, భర్తలు పోయిన ఆడవాళ్ళు పదకొండు మంది వరండాలో చేరారు. వాళ్ళలో, ఎప్పుడూ చర్చికి రాని అంకమ్మ కూడా ఉంది. అందరి చేతుల్లోనూ అలాంటి కాగితాలే. డిగ్రీ చదివే ఫెబా వాటిని నేల మీద పరిచింది. అందరి అర్జీలూ ఆ పిల్ల ఫోనులోంచే వెళ్ళాయి. మొదటి కాగితం నంబరు చదివింది. రెండోది చదివింది. మూడో దాని దగ్గర ఆగి, మిగతావన్నీ గబగబా తిప్పి చూసింది. చనిపోయిన పదకొండు మందికీ ఒకే నంబరు.

"అందర్నీ ఒకే గుంతలో పూడ్చినారు గదమ్మే" అంది చెన్నమ్మ.

అంకమ్మ ఫెబా మీదికి లేచింది. "సదువుకున్నదానివి గదా పాపా, దొంగదని నీకు తెల్దా?"

బాలమ్మే నోరు విప్పింది. "ఆ పాప నాకు ఫోన్లో రెండు సైట్లు చూపిచ్చె. ఒకదాంట్లో, మనిషి పోయిన ఇరవై ఒక్క రోజుల్లోపల రాయిస్తే ఊరికే అని ఉండె. ఇంగోదాంట్లో నాలుగు నూర్లు అడిగె. ఊరికే అనేది దొంగది, దుడ్లడిగేదే సర్కారుది అని నేనే అంటి. మిమ్మల్నందర్నీ పాప కాడికి తోలింది గూడా నేనే."

ఆమెను ఎవరూ తిట్టలేకపోయారు. బియ్యం కార్డుకైనా, కులం కాగితానికైనా, ఆసుపత్రిలో మంచానికైనా, చేతిలో ఏమీ పెట్టకుండా పని జరిగిన రోజు వాళ్ళలో ఒక్కరికీ గుర్తులేదు. లంచమే సర్కారుకు ఆనవాలని వాళ్ళకు బతుకంతా నేర్పారు. ఆ నేర్పు మీదే వెబ్‌సైటు పంట కోసుకుంది.

"మనకు బుద్ధి ల్యాకపాయె" అంది అంకమ్మ మెత్తబడి.

"బుద్ధి ఉండబట్టే పోయినాం" అంది చెన్నమ్మ. "వాని ఇల్లు యాడ? పోయి కూచుందాం పాండి."

"ఇల్లు గాదు గదా, పేరు గూడా ల్యా పెద్దమ్మా" అంది ఫెబా.

మిల్లు యజమానికైతే గేటుండేది. కూలి పెంచమని పరంజ్యోతి ఆ గేటు దగ్గర పదిమందితో కూర్చున్నాడు. ఈ దొరకు గేటు లేదు, ముఖం లేదు.

"వాన్ని పట్టుకోవాల్సినోళ్ళకు గేటుంది గదా" అంది బాలమ్మ. "ఆడికే పోదాం. ఒక్కొక్కరం గాదు, అందరం."

మర్నాడు స్టేషన్‌లో ఎస్సై అర్జీ చదివి విసుక్కున్నాడు. "వాడు ఏ దేశంలో ఉన్నాడో! డబ్బులు ఎవరి ఫోన్లోంచి పోయాయి?"

"నా ఫోన్లోంచి సార్" అంది ఫెబా.

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. పట్టుకోవడానికి ఒక మనిషి దొరికింది. ఫోను లాక్కుని ఫెబాను లోపలి బల్ల మీద కూర్చోబెట్టారు. "ఈ పిల్లే మోసం చేసిందని రాయిస్తాను, వేలిముద్రలు వేయండి" అన్నాడు మెత్తగా. "కేసు నంబరు ఈ రోజే ఇస్తాను. నెల తిరిగేలోపు మీ పింఛన్లు మీకొస్తాయి."

కానిస్టేబుల్ సిరా డబ్బీ తెచ్చాడు. బాలమ్మ బొటనవేలు అద్దింది. వేలిముద్ర వేస్తే పింఛను వస్తుంది. ఆయన పేరు పిలుస్తారు, ఇంట్లో దగ్గు ఆగుతుంది. బల్ల మీద ఫెబా ఏడవడం లేదు, ఆమెనే చూస్తోంది. పదకొండు అర్జీలు నింపి చాయ్ కూడా తాగని పిల్ల. బాలమ్మ తమ్ముడు సున్నిపెంటకు డ్యాం పనికి పోయి శవమై వచ్చినప్పుడు, ఆసుపత్రి వాళ్ళు పరంజ్యోతి ముఖం మీద గుడ్డ కప్పినప్పుడు, ఎవరో ఒకరు పక్కకు జరగమన్నారు. ఆమె జరిగింది.

ఈసారి జరగలేదు.

"మార్చి రాయి సారూ. ఆ పాప రాసింది, రాయించింది నేను. ముద్దాయి కింద నా పేరు రాసుకో."

"పింఛను పోతుంది ముసల్దానా."

"మొగుడే పోయినాడు."

"నా పేరు గూడా రాయప్పా" అంది చెన్నమ్మ. "దుడ్లు నా చేత్తో ఇచ్చినా."

"నాదీ" అంది అంకమ్మ, ఫెబా వైపు చూడలేక.

పదకొండు మందీ నేల మీద కూర్చున్నారు. వాళ్ళు అడిగింది ఒక్కటే. పిల్లను వదిలి సైటువాణ్ణి వెతకండి, లేదా అందరినీ లోపల పెట్టండి. బయట ఆటోలు ఆగాయి. ఫెబా కాలేజీ పిల్లలు మెట్ల మీదికి వచ్చారు. ఎస్సై లాఠీతో బల్ల మీద కొట్టాడు. ఎవరూ లేవలేదు.

"రాసుకో అందరివీ" అని కానిస్టేబుల్ మీద అరిచాడు. "అప్పుడు తెలుస్తుంది."

"పేరు?"

"బాలమ్మ."

"భర్త పేరు?"

"పరంజ్యోతి."

"ఉన్నాడా?"

బాలమ్మ చెవి ఒగ్గి వింది. మిట్టమధ్యాహ్నమైంది. ఎక్కడా దగ్గు వినబడలేదు.

"ల్యా. పోయి పద్నాలుగు నెలలాయె. అట్లే రాయి."

కానిస్టేబుల్ రాశాడు. ఆమె వంగి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. బాలమ్మ, భర్త లేటు పరంజ్యోతి. దాని కింద వేలిముద్ర వేసింది.

చెన్నమ్మ ముందుకు జరిగింది. మెట్ల మీద నుంచి ఎవరికీ తెలియని ఒకామె, చేతిలో మడిచిన కాగితంతో లోపలికి వచ్చింది.

"మాది రుద్రవరం పక్కనప్పా. మా ఊర్లో ఇట్లాంటి కాగితాలోళ్ళం నలుగురం ఉన్నాం. మమ్మల్నీ రాసుకోండి."

కానిస్టేబుల్ ఇంకో కాగితం తీశాడు.