తమ్ముడి పుస్తకం

రోజూ పొద్దున్నే లైబ్రరీ అమ్మాయి గది ఊడ్చేది, చాప పరిచేది, అరలో ఉన్న నలభై పుస్తకాలూ దులిపి మళ్ళీ అక్కడే పెట్టేది. తర్వాత గుమ్మంలో కూర్చుని పిల్లల కోసం ఎదురుచూసేది. ఆ కొండగూడెంలో పదో తరగతి దాటింది తనొక్కతే గనక ఆ పనీ, ఆ పేరూ రెండూ తనకే వచ్చాయి.

మొదటి వారం పిల్లలు ఎగబడ్డారు. బొమ్మలు చూడటం అయిపోయాక మానేశారు. పుస్తకాలన్నీ పట్నం భాషలో ఉన్నాయి మరి. బడిలో అక్షరాలు నేర్చుకున్నారే గానీ, ఆ అక్షరాలతో గూడెం మాట ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

కిందనుంచి ఆఫీసరు వచ్చి రిజిస్టరు తిరగేశాడు. "పిల్లలు రాని లైబ్రరీ ఎందుకమ్మా? నెలాఖరుకీ ఇలాగే ఉంటే గది సిమెంటు బస్తాలకి ఇచ్చేస్తాం" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది, ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పింది. అమ్మ పొయ్యి ఊదుతూ విని, "తెల్లకాయితాల పుస్తకాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి గానీ, నువ్వొద్దమ్మా."

ఎందుకొద్దందో గూడెమంతా ఎరిగిందే. ఆ ఇంటి ఆడవాళ్ళ చెయ్యి అలాంటిది. దేనిమీదైనా అరచెయ్యి ఆనించి కథ చెబితే, కథ దానికెక్కి, చెప్పినామె బుర్రలోంచి పోతుంది. అమ్మమ్మ తన కథలన్నీ గోడలకి చెప్పింది. సున్నం కొట్టేసరికి అవీ పోయాయి.

మర్నాడు అమ్మ చేతులు కడుక్కుని లైబ్రరీకొచ్చింది. చాప మీద కూర్చుని, తెల్లపుస్తకం మీద చెయ్యి పెట్టి ఎలుగుబంటి కథ మొదలుపెట్టింది. ఆమెకి అక్షరం ముక్క రాదు. అయినా చెయ్యి కింద నల్లగా వరసలు కట్టాయి. బడి అక్షరాలే, మాట మాత్రం గూడెందే.

"అక్కా, ఇది మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంది" అంది ఓ పిల్ల, వేలు పెట్టి కూడబలుక్కుంటూ.

ఇక పిల్లలు ఆగలేదు. అమ్మ వాగు కథ చెప్పింది, తేనెపట్టు కథ చెప్పింది, దంపుడు పాటలూ చెప్పేసింది. ఓ సాయంత్రం రోకలి ఎత్తి, నోరు తెరిచి, ఆగిపోయింది.

"ఇక్కడ ఏదో పాడేదాన్ని కదే?"

కూతురు మొదటి చరణం అందించింది. అమ్మ చెవొగ్గి విని, "బాగుంది. ఎవరు కట్టారో" అంది.

"ఇక చాలమ్మా."

"పిల్లలొస్తున్నారుగా. పోయేటప్పుడు ఇవన్నీ మూటగట్టుకుపోతానా?"

నెలాఖరుకి ఆఫీసరొచ్చి, నిండిన చాపను చూసి, గది పిల్లలకే అని రాసి సంతకం పెట్టాడు. అతను వెళ్ళగానే ఓ చిన్నపిల్ల అమ్మ మోకాలు పట్టుకుంది. "జంతువులవి వద్దు పెద్దమ్మా. మాలాంటి పిల్లాడి కథ చెప్పు."

అమ్మ దగ్గర అలాంటిది ఒక్కటే మిగిలింది. ఏడేళ్ళ కొడుకు జ్వరంతో కాలిపోతుంటే భుజాన వేసుకుని ఆసుపత్రికి దిగుతుండగా, బాట మలుపులోనే వాడి ఊపిరి ఆగిపోయింది. పదకొండేళ్ళుగా పొద్దుగూకే వేళ ఆమె ఆ మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడుతోంది.

అమ్మ కూతురి వంక చూసింది. కూతురు వద్దనాలి. అప్పటికే పిల్లలు జరిగి జరిగి పెద్దమ్మకి చోటిచ్చారు. అమ్మ పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

ఆ సాయంత్రం అమ్మ మలుపు దగ్గరికి వెళ్ళలేదు. ఎన్నడూ లేనిది, అడిగి మరీ మారు వేయించుకుంది. కూతురే వెళ్ళి అక్కడ కాసేపు నిలబడింది. ఏం చెయ్యాలో తోచక తిరిగొచ్చింది.

వారం తిరక్కుండానే ఆ పుస్తకం అంచులు నలిగిపోయాయి. అమ్మ అది పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. "పిల్లలంతా దీనికోసమే కొట్టుకుంటున్నారు. నాకూ చదివిపెట్టవే."

కూతురు చదివింది. పిల్లాడు కోడిపుంజుకి భయపడి గాదె ఎక్కిన చోట అమ్మ పడీ పడీ నవ్వింది. ఊడిన పన్ను అక్క జడలో దాచిన చోట, కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. జ్వరం వచ్చిన పేజీ దగ్గర కూతురు పుస్తకం మూసేసింది.

"తర్వాత ఏమయ్యాడు?"

"అంతేనమ్మా. అయిపోయింది."

అమ్మ పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుని కొంగుతో అట్ట తుడిచింది.

"ఎవరి బిడ్డో గానీ, ఎక్కడున్నా చల్లగా ఉండాలి" అంది.